కల్లేసే పోయినా సార్

గురువమ్మ ఆ కారును చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆగిపోయింది. వాలులో ముక్కు పైకెత్తుకొని, ఏమీ ఎరగనట్టు, నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉందది. నిన్న సాయంత్రం షిఫ్టు సైరన్ మోగుతుండగా ఇదే కారు ఇదే వాలులో వెనక్కి దొర్లింది. కింద గేటు మూస్తున్న యజమాని సుబ్బరాయప్పను గేటు స్తంభానికి అదిమి చంపింది. దాన్ని నడిపే కృష్ణప్ప గురువమ్మకు ఒక్కగానొక్క కొడుకు. రాత్రి నుంచి వాడు లాకప్పులో ఉన్నాడు.

ప్రమాదం జరిగిన తీరును మహజరుగా రాసుకోవడానికి పోలీసులు కారును మళ్ళీ పైకి తోసి, వెనక చక్రాలకు ఒక మొద్దు అడ్డం పెట్టి, నిన్న నిలిచిన చోటనే నిలబెట్టారు. ఆ మొద్దు సగం చెదలు తిన్నదే. చెదలు తిన్న మొద్దు మీద ఎవరైనా నమ్మకం పెట్టుకుంటారా అనుకొని గురువమ్మ గోడ వారగా, కారుకు ఎదురు రాకుండా నడిచింది.

పక్కన నడుస్తున్న నంజుండప్ప మాత్రం తిన్నగా కారు దగ్గరికే పోయాడు. గనుల్లో బంగారం దొంగలను పట్టే కొలువులో తల నెరిసి, రిటైరయినాక తెలిసినవాళ్ళ చిక్కులు విప్పుతూ కాలం గడుపుతున్న మనిషి. తెల్లవారకముందే గురువమ్మ పోయి ఆయన గుమ్మంలో కూర్చుంది. ఆయన కాఫీ కూడా తాగకుండా బయలుదేరాడు. కాఫీ తాగకుండా వచ్చినందుకు కూడా ఆమెకు భయమే. కడుపు కాలిన మనిషికి బుర్ర పనిచేస్తుందో లేదో.

బంగళా మెట్ల మీద నిలబడి ఇన్‌స్పెక్టర్ ఎర్రిస్వామి వాళ్ళిద్దరినీ చూశాడు. బళ్ళారి వైపు నుంచి బదిలీ అయి వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి కాబట్టి, గనుల తెలుగువాళ్ళ సంగతి తనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదని ఆయన ధీమా.

"రండి సార్, రండి. రిటైరయినోళ్ళు ఇంట్లో మనవళ్ళను ఆడించుకోక ఈ ఎండలో ఎందుకు వచ్చినారు?" అన్నాడు.

"మనవళ్ళు బడికి పోయినారు సార్. మీరైతే ఉంటారని వచ్చినా," అన్నాడు నంజుండప్ప.

ఎర్రిస్వామి నవ్వలేదు. నిలవని చేతిబ్రేకు, తాగిన డ్రైవరు, వాలు, ఇంతకు మించి ఇక్కడ వెదికేది ఏమీ లేదని తేల్చేశాడు. కారు దొరికినప్పుడు చేతిబ్రేకు కడ్డీ కిందికి పడి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. తాగినానని డ్రైవరే తన నోటితో ఒప్పుకున్నాడు. తర్వాత గురువమ్మ వైపు తిరిగి కొంచెం మెత్తబడి చెప్పాడు. "చూడమ్మా, ఇది అజాగ్రత్త కేసు. జామీను దొరుకుతుంది. ఎవరైనా పూచీకి వస్తే వదిలేయమని స్టేషన్లో చెప్పే వచ్చినా. ఈయన మాట విని దాన్ని పెద్దది చేసుకోవద్దు."

గురువమ్మకు ఆ మాటతో పోయిన ప్రాణం సగం లేచి వచ్చింది. మిగతా సగం రాలేదు. వాడు తాగినాడా? వాళ్ళ నాయన తాగలేదు, తాత తాగలేదు. వారం రోజుల నుంచి వాడు సరిగ్గా ముద్ద తినడంలేదు. ఎవరో పిల్ల మీద మనసు పడినాడేమో అనుకుంది. తర్వాత పచ్చకామెర్లేమో అని కండ్లు విప్పి చూసింది. తర్వాత గాలి సోకిందేమో అని దిష్టి తీసింది. తాగుడని మాత్రం తట్టలేదు.

మెట్ల పక్కన అరుగు మీద కూర్చున్న గుండప్పను నంజుండప్ప పలకరించాడు. గుండప్ప చచ్చిపోయినాయన భార్యకు తమ్ముడు. గని మిల్లులో సూపర్‌వైజరు. ఉండేది మిల్లు క్వార్టర్సులో, ఇక్కడికి రాకపోకలు ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఆయన కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిన్న సెలవులో ఉన్నానని, అరుపులు విని క్వార్టర్సు నుంచి పరుగెత్తి వచ్చానని చెప్పాడు. బావ తనకు తండ్రిలాంటివాడని చెప్పేటప్పుడు గొంతు నిజంగానే పూడుకుపోయింది.

చేతిబ్రేకు సంగతి అడిగితే చెయ్యి విదిలించాడు. "దొర దేశానికి పోతా పోతా కారును మా బావకు అమ్మినాడు, దాని చెయ్యి మాత్రం తనతో తీసుకొని పోయినాడు అని ఊరంతా నవ్వతారు గదన్నా. అది ఎప్పుడు నిలిచింది గనక? టక్ మని జారిపోతుంది. చక్రాన్ని గోడకు తిప్పిపెట్టాల, గేరులో ఉంచాల, అడ్డం పెట్టాల. వీడు మధ్యాహ్నమే అండర్సన్‌పేట కల్లంగడిలో కూర్చోని తాగతా ఉంటే ఇవన్నీ యాడ గుర్తుంటాయి?"

"నువ్వు చూసినావా?"

"నా ఈ రెండు కండ్లతో చూసినా."

గురువమ్మ తల వంచుకుంది. గుండప్ప లేచి ఆమె దగ్గరికి వచ్చి, పిల్లోడిది తప్పే అయినా వాడూ మన బిడ్డే కదా, భయపడవద్దని ఓదార్చాడు. ముళబాగిలు బస్సులో చుట్టాలు దిగుతారు, పిలుచుకొని రావాలని చెప్పి స్కూటరు తీసుకొని వెళ్ళిపోయాడు. ఎంత మంచి మనిషి అనుకుంది గురువమ్మ. బావ శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు, చంపినవాడి తల్లికి ధైర్యం చెబుతున్నాడు.

నంజుండప్ప లోపలికి పోయి సుబ్బరాయప్ప భార్యతో మాట్లాడి వచ్చాడు. గురువమ్మ గుమ్మం దాటడానికి సాహసించలేదు. తలుపు పక్కన నిలబడి విన్నది మాత్రం ఇది: పోయిన వారమే ముళబాగిలులో ఈశ్వరప్ప షెడ్డులో, కృష్ణప్పను దగ్గర ఉంచి, కారు చేతిబ్రేకు విప్పి బాగు చేయించారు. అరిగిన పళ్ళచక్రం, సాగిపోయిన వైరు, అన్నీ మార్చారు. కొత్త వైరు కొన్నాళ్ళకు సాగుతుంది, మళ్ళీ తెస్తే బిగిస్తానని మేస్త్రి చెప్పినందుకు నిన్న పొద్దున్నే యజమాని, కృష్ణప్ప కలిసి ముళబాగిలుకు పోయారు. తిరిగి వచ్చేసరికి సైరన్ వేళ. జల్లు పడుతోందని, సంచులు వంటింట్లో పెట్టమని ఆమే కృష్ణప్పను లోపలికి పిలిచింది. వాడు సంచులు దించుతుండగానే సైరన్ మొదలైంది. సైరన్ ఆగేసరికి గేటు దగ్గర అంతా అయిపోయింది.

బయటికి రాగానే నంజుండప్ప చొక్కా విప్పి మెట్ల మీద పెట్టాడు. బనీనుతో నేల మీద వెల్లకిలా పడుకొని కారు కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి.

గురువమ్మ రెండడుగులు ముందుకు వేసి ఆగింది. చెదల మొద్దు చిన్నగా కిర్రుమంది. ఆ మనిషి పొట్ట సరిగ్గా వెనక ఇరుసు కింద ఉంది. ఒకడు పోయింది చాలదా, నా కోసం వచ్చిన ఈ ముసలాయన కూడా పోవాలా, రేపు ఈయన పెండ్లానికి నేనేం ముఖం చూపించాలి? కాళ్ళు పట్టుకొని లాగేద్దామా అనుకుంది. లాగితే కారు కదులుతుందేమో. గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు కనిపించాడు.

"ఓ పోలీసప్పా, ఆ మొద్దును నమ్ముకోవద్దప్పా. చక్రానికి ఒక కల్లెయ్యి. గట్టి కల్లు చూసి ఎయ్యప్పా, నీ కాళ్ళు మొక్కుతా."

ఎర్రిస్వామి చటుక్కున తలెత్తాడు. ఇక్కడ ఎవరమ్మా కల్లు పోసేది అన్నట్టు ఆమెను ఎగాదిగా చూశాడు. కానిస్టేబులు మాత్రం ఏమీ ఆలోచించలేదు. పూలమొక్కల పాదు పక్కన పడివున్న ఒక రాతిని రెండు చేతులా ఎత్తుకొని వచ్చి, వెనక చక్రం కింద దూర్చి, కాలితో తన్ని బిగించాడు.

"ఏం తెచ్చినావు నువ్వు?" అన్నాడు ఎర్రిస్వామి.

"కల్లు సార్. ఆయమ్మ అడిగింది గదా."

"ఇది రాయి గదయ్యా."

"అదే సార్. ఈడ మా తెలుగులో కల్లంటే రాయే. కన్నడం, అరవం కలిసిపోయి అట్లే వచ్చేసింది. తాగేదాన్ని కూడా కల్లే అంటాము. మాకు తెలిసిపోతుంది ఏదనేది."

కారు కింద నుంచి నంజుండప్ప గొంతు వినిపించింది. "సార్, పిల్లోడు తాగినానని ఒప్పుకున్నాడన్నారే, అచ్చంగా ఏ మాట అన్నాడు?"

ఎర్రిస్వామి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి చెప్పాడు. కారు నిలిపినాక ఏం చేసినావురా అని అడిగితే, 'కల్లేసే పోయినా సార్, సత్యంగా కల్లేసే పోయినా' అని ఏడ్చాడు. చెంప మీద ఒకటి ఇచ్చి అదే రాసుకున్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ దెబ్బ తర్వాత వాడు నోరు విప్పలేదు.

గురువమ్మకు మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తాగలేదు. నా బిడ్డ రాయి పెట్టినానని చెప్పినాడు. అడ్డం పెట్టే పోయినా అని మొత్తుకొని, దానికి చెంపదెబ్బ తిన్నాడు.

నంజుండప్ప బయటికి వచ్చి మట్టి దులుపుకున్నాడు. వీపంతా నల్ల గ్రీజు. కుడిచేతి వేళ్ళను మూసి పట్టుకొని ఉన్నాడు, ఎందుకో చూపించలేదు. ఎర్రిస్వామి తనను తాను కూడదీసుకొని, కల్లయినా రాయయినా బ్రేకు చెడిపోయిన బండిని వాలులో పెట్టడం అజాగ్రత్తే అన్నాడు. అయితే మీరే ఎక్కి లాగండి అన్నాడు నంజుండప్ప. ఇన్‌స్పెక్టర్ కూర్చొని చేతిబ్రేకు పైకి లాగాడు. కొత్త పళ్ళు కరకరమని ఒక్కొక్కటే పట్టుకున్నాయి. మొద్దు తీశారు, రాయి తీశారు. గురువమ్మ కండ్లు మూసుకొని ముళబాగిలు ఆంజనేయుడికి మొక్కుకుంది. కారు కదల్లేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ముందు నుంచి భుజం పెట్టి వెనక్కి తోశారు. అప్పుడూ కదల్లేదు.

"చూసినారు గదా. ఇది తనంతట తాను జారే బ్రేకు కాదు. రాయి తీసి, గేరు తప్పించి, బ్రేకు దించినారు. మూడు పనులు. ఇది మరుపు కాదు సార్, ఎవరో కావాలనే చేసినారు."

"అంటే హత్య అంటావు."

"అంటాను."

ఎర్రిస్వామి కారు దిగి తలుపు మెల్లగా మూశాడు. ఇప్పుడు ఆయన ముఖంలో మొహమాటం లేదు. "మంచిది. బ్రేకు బాగుందని తెలిసినవాడు ఎవడు? డ్రైవరు. తాళం ఎవరి దగ్గర? డ్రైవరు దగ్గర. సంచులు పెట్టి వెనక తలుపు నుంచి వచ్చేదానికి ఎంతసేపు? అజాగ్రత్తకు జామీను ఉంది నంజుండప్పా, హత్యకు లేదు. ఆయమ్మ కొడుక్కు నువ్వు చేసిన ఉపకారం ఇదే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనిపించింది గురువమ్మకు. మెట్ల మీద కూలబడింది. చేజేతులా పోయి ఈయనను పిలుచుకొని వచ్చింది తానే. ఊరకుండి ఉంటే సాయంత్రానికి కొడుకు ఇంట్లో ఉండేవాడు.

"ఏమప్పా నంజుండప్పా, ఇందుకా నిన్ను పిలిచింది? జామీను వస్తాదనిరి. నా బిడ్డను ఉరికంబానికి చేర్చేదానికా నువ్వు కాఫీ కూడా తాగకుండా వచ్చినావు?"

నంజుండప్ప ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి అడిగాడు. గుండప్పను కల్లంగడి మాట మీరు అడిగినారా, ఆయనే చెప్పినాడా? తానే అడిగానన్నాడు ఎర్రిస్వామి. డ్రైవరు మాట రాసుకున్నాక, మీవాడు కల్లు తాగుతాడా అని అడిగాడు. తాగుతాడు, ఈ మధ్యాహ్నమే చూసినా అని గుండప్ప చెప్పాడు.

"మధ్యాహ్నం పిల్లోడు ముళబాగిలులో ఉండాడు సార్, యజమాని పక్కనే. లోపల అమ్మను అడగండి. మీరు ఒక మాటను పొరపాటుగా విన్నారు. లేని తాగుడును గుండప్ప రెండు కండ్లతో చూసినాడు. మీరు అందియ్యకపోతే ఆ అబద్ధం ఆయనకు తట్టేదే కాదు."

ఎర్రిస్వామి గుమ్మం లోపలికి ఒకసారి చూశాడు. తర్వాత, కావచ్చు, కానీ బావ చస్తే గుండప్పకు ఏం వస్తుంది, ఆ ఏడుపు దొంగ ఏడుపులా లేదే అన్నాడు.

"ఏడుపు నిజమే," అన్నాడు నంజుండప్ప. మూసుకున్న చెయ్యి విప్పాడు. గ్రీజు మరకల నడుమ అరచేతిలో ఆవగింజంత వెండి బొట్టు ఒకటి, చెయ్యి కదిలినప్పుడల్లా అటూ ఇటూ పరుగెత్తింది. "పాదరసం. మిల్లులో బంగారాన్ని దీంతోనే పట్టేది. మిల్లు బయట ఇది కనిపించిందంటే బంగారం గోడ దాటిందని అర్థం. చేతిబ్రేకు వైరు పోయే దారిలో, కారు కింద ఒక రేకు పెట్టె అతికించినారు. ఇప్పుడు ఖాళీగా ఉండాది. ఆ రేకు విప్పకుండా వైరు మార్చలేరు. పోయిన వారం మార్చినప్పుడు విప్పినోళ్ళు చూసే ఉంటారు, పెట్టినోడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది."

వారం రోజుల నుంచి ముద్ద దిగని కొడుకు గురువమ్మ కళ్ళ ముందు కదిలాడు. పిల్ల కాదు, కామెర్లు కాదు, గాలి కాదు. వాడు చూడకూడనిది చూశాడు.

అప్పుడే కానిస్టేబులు, నిన్న గేటు దగ్గర దొరికిన వస్తువులని ఒక మూట తెచ్చి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాడు. చెప్పులు, కండ్లద్దాలు, నెత్తురు పట్టి అట్టకట్టిన ఒక గోనెసంచి. వానలో తలమీద వేసుకోవడానికి ఒక మూలను లోపలికి మడిచి కుట్టిన గోనె అది. ఎర్ర దారంతో కుట్టిన ఆ కుట్టును గురువమ్మ చూసింది. చెబితే ఏమవుతుందో, దాచితే ఏమవుతుందో.

"అది మావాడిదే సార్," అంది చివరికి. "నేనే కుట్టిచ్చినా. వాన వస్తే అది కప్పుకొనే గేటు మూసేదానికి పోతాడు."

"రోజూ గేటు మూసేది వాడేనా?" అన్నాడు నంజుండప్ప.

"వాడేనప్పా. ఆవులు దూరతాయని, కారు నిలిపినాక దిగిపోయి మూసి వస్తాడు."

నిన్న సైరన్ వేళ జల్లు పడుతూ ఉండింది. కృష్ణప్ప సంచులతో వంటింట్లో ఉండిపోయాడు. సుబ్బరాయప్ప అరుగు మీద ఉన్న గోనె తలమీద వేసుకొని, తానే గేటు మూయడానికి పోయాడు. పై నుంచి, వెనక నుంచి చూసేవాడికి కనిపించేది గోనె ఒక్కటే. నంజుండప్ప ఈ మాటలేవీ పైకి అనలేదు. గోనె వైపు చూశాడు, వాలు వైపు చూశాడు, గురువమ్మ వైపు చూశాడు. ఆమెకు ఆయన చూపు చాలు. ఏ చెడు కబురైనా సగం దూరంలో ఉండగానే ఆమెకు వినబడుతుంది.

"చంపాలనుకొన్నది యజమానిని కాదా?" అంది మెల్లగా.

"కాదమ్మా. గుండప్ప నీ కొడుకనుకొని బావను చంపుకొన్నాడు. అందుకే అంత ఏడుపు."

గురువమ్మ లేచి ఎర్రిస్వామి ముందు నిలబడింది. పొద్దున్నుంచి ఏ నోటితో వదలమని వేడుకుందో ఆ నోటితోనే అంది. "సార్, నా కొడుకును వదలొద్దండి. హత్య అనే రాసుకోండి. లోపలే పెట్టి తాళం వేయండి. స్టేషన్‌కు ఫోన్ చేయండి సార్, ఎవరు పూచీకి వచ్చినా వదలొద్దని చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ ఆమెను దాటుకొని లోపలికి పోయాడు. హాల్లో టెలిఫోను తిప్పుతున్న చప్పుడు, స్టేషన్ పేరు చెప్పడం వినిపించాయి. ఆయన గుమ్మంలోకి వచ్చినప్పుడు టోపీ చేతిలో ఉంది. గురువమ్మను చూడకుండా నంజుండప్పతో చెప్పాడు.

"వదిలేసినారంట. గుండప్ప జామీను సంతకం పెట్టినాడు. 'మీ అమ్మ మా బంగళాలోనే ఉండాది, రా' అని స్కూటరు వెనక కూర్చోబెట్టుకొని పోయినాడంట."

"ఎప్పుడు?"

"మనం బ్రేకు లాగి చూసినప్పుడు."

స్టేషన్ నుంచి బంగళాకు స్కూటరు మీద రావడానికి బీడీ కాల్చేంత సేపు పట్టదు. వాలు కింద గేటు తెరిచే ఉంది. రోడ్డు మీద ఎవరూ రావడంలేదు. నంజుండప్ప చొక్కా కోసం మెట్ల వైపు తిరిగేసరికి గురువమ్మ చెప్పులు లేకుండా గేటు దాటిపోయింది.